దక్షిణాది న్యాయపీఠాలు – 6: స్టే కొట్టేసిన మధ్యాహ్నం

కిందటి భాగం అమెరికా దక్షిణాదిలోని మాంట్‌గోమరీ బస్సుల కేసు దగ్గర ఆగింది. బస్సులో రంగును బట్టి సీట్లు వేరుచేయడం రాజ్యాంగ విరుద్ధమని 1956 జూన్‌లోనే ముగ్గురు జడ్జీల ధర్మాసనం తేల్చింది. నల్లవారు ధైర్యంగా ముందు సీట్లో కూర్చున్నది మాత్రం ఆ ఏడాది డిసెంబరు 21న. మధ్యలో గడిచిన ఆరు నెలలూ అప్పీలుకే పోయాయి. కేసు గెలిచాక కూడా చాకలి పని చేసుకునే తల్లులు, బడి పంతుళ్లు, ముసలివాళ్లు బస్సులను బహిష్కరించి రోజూ మైళ్లకు మైళ్లు నడుస్తూనే ఉన్నారు.

ఈ ఆరు నెలలు మనసులో ఉంచుకుంటేనే ఈ వారం కథ అర్థమవుతుంది. నల్లపిల్లల్నీ తెల్లపిల్లల్నీ వేరు బడుల్లో పెట్టడం చెల్లదని సుప్రీంకోర్టు 1954 మేలో చెప్పింది. మరుసటి ఏడాది ఆ తీర్పును ఎలా అమలు చేయాలో చెబుతూ గడువు మాత్రం పెట్టలేదు. దక్షిణాది ప్రభుత్వాలు ఆ సందులోంచే దూరాయి. గవర్నర్లు మైకుల ముందు ప్రాణం పోయినా ఒప్పుకోమని గర్జించేవారు, పత్రికలు వాటినే పతాక శీర్షికలు చేసేవి. అసలు పని చేసింది మాత్రం వాళ్ల వకీళ్లు. గొంతు పెంచకుండా వాయిదా అడిగేవారు, ఓడిపోతే అప్పీలు వేసేవారు, అప్పీలు తేలేదాకా స్టే తెచ్చుకునేవారు. పదిహేనేళ్ల పిల్ల వేసిన కేసు పంతొమ్మిదేళ్లకు తేలితే గెలుపెవరిది? బడి వయసు కోర్టు కోసం ఆగదు. 1960 ముగిసేనాటికి జార్జియా రాష్ట్రంలో ఏ ప్రభుత్వ బడిలోనూ, ఏ ప్రభుత్వ కళాశాలలోనూ తెల్లపిల్లల పక్కన ఒక్క నల్లపిల్ల కూడా కూర్చోలేదు. సుప్రీంకోర్టు తీర్పు వచ్చి అప్పటికి ఆరున్నరేళ్లు.

స్టే అంటే ఏమిటో తెలుగు పాఠకులకు విడమరిచి చెప్పక్కర్లేదు. పొలం గట్టు తగాదా దగ్గర్నుంచి పంచాయతీ ఎన్నిక దాకా, స్టే చేతిలో ఉన్నవాడిదే ఆ కాస్త కాలం రాజ్యం. ఆ కాస్త కాలం ఎన్నాళ్లన్నదే ప్రశ్న. అమెరికా దక్షిణాదిలో ఆ ప్రశ్నను సూటిగా ఎదుర్కొన్న జడ్జి ఎల్బర్ట్ టటిల్.

ముందు ఆయన కూర్చున్న కుర్చీ సంగతి. అమెరికాలో కేంద్ర చట్టాల కింద, రాజ్యాంగ హక్కుల కింద వచ్చే కేసులు మొదట ఫెడరల్ జిల్లా కోర్టుకు వెళతాయి. అక్కడ మామూలుగా ఒక్క జడ్జే వింటాడు. ఆ పైన అప్పీళ్ల కోర్టు, మామూలుగా ముగ్గురు జడ్జీలు కలిసి వింటారు. ఆ పైన సుప్రీంకోర్టు. సుప్రీంకోర్టు ఏటా తీసుకునేవి చాలా కొద్ది కేసులు కాబట్టి, ఎక్కువమంది కక్షిదారులకు అప్పీళ్ల కోర్టు మాటే ఆఖరి మాట. దేశాన్ని సర్క్యూట్లుగా విభజించారు. ఐదో సర్క్యూట్ కింద ఆ రోజుల్లో జార్జియా, ఫ్లోరిడా, అలబామా, మిసిసిపి, లూసియానా, టెక్సస్ ఉండేవి. బానిసత్వం కోసం అంతర్యుద్ధం చేసిన నేలలో పెద్ద భాగం ఒకే కోర్టు కిందికి వచ్చిందన్నమాట. 1960 చివర్లో ఆ కోర్టుకు టటిల్ ప్రధాన న్యాయమూర్తి అయ్యాడు.

ఆయన దక్షిణాదివాడు కాడు. 1897 జులైలో కాలిఫోర్నియాలోని పాసడీనాలో పుట్టాడు. తండ్రి చెరకు తోటల యజమానుల సంఘంలో ఉద్యోగి కావడంతో కుటుంబం హవాయికి వెళ్లింది. హొనొలులులోని పునహో బడిలో చదివాడు. అక్కడ రకరకాల జాతుల పిల్లలు ఒకే తరగతిలో కూర్చునేవారు. జార్జియాలో పెరిగిన జడ్జి ఎవరికీ లేని అనుభవమది. తర్వాత కార్నెల్ విశ్వవిద్యాలయం, కొన్నాళ్లు పత్రికా రచన, 1923లో న్యాయశాస్త్ర పట్టా. భార్య శారా ఫ్లోరిడా అమ్మాయి. బావమరిది విలియం సదర్లాండ్‌తో కలిసి అట్లాంటాలో న్యాయవాద సంస్థ పెట్టాడు. బతుకు తెరువు పన్నుల కేసులు. ఖరీదైన కక్షిదారులు, చిక్కుముడుల లెక్కలు, నిమ్మళమైన జీవితం.

ఆ నిమ్మళంలోకి 1931లో ఒక రాత్రి దూసుకొచ్చింది. టటిల్ అప్పటికి జార్జియా నేషనల్ గార్డ్‌లో అధికారి. ఎల్బర్టన్ అనే చిన్న ఊళ్లో జాన్ డౌనర్ అనే నల్లజాతి యువకుడి మీద తెల్ల స్త్రీని చెరిచాడన్న ఆరోపణ వచ్చింది. జైలును గుంపు చుట్టుముట్టింది. గార్డ్ దళాన్ని పంపారు, అందులో టటిల్ ఉన్నాడు. ఖైదీకి గార్డు యూనిఫాం తొడిగి, సైనికుల మధ్యలోంచి, చంపడానికి వచ్చినవాళ్ల కళ్లముందునుంచే బయటికి తెచ్చారు. కొద్దిరోజులకే విచారణ జరిగింది, ఒక్క రోజులో ముగిసింది, మరణశిక్ష పడింది. అక్కడితో తన పని అయిపోయిందని టటిల్ అనుకోలేదు. సదర్లాండ్‌తో కలిసి ఫీజు లేకుండా కేసు పట్టుకున్నాడు. గుంపు భయం కింద జరిగిన విచారణ విచారణే కాదని వాదించి అప్పీళ్ల కోర్టులో నెగ్గాడు. తర్వాతి రోజుల్లో తాను కూర్చోబోయే ఐదో సర్క్యూట్ కోర్టే అది. డౌనర్‌కు మళ్లీ విచారణ జరిగింది. మళ్లీ మరణశిక్షే పడింది, అమలైంది. న్యాయసూత్రం నిలిచింది, మనిషి నిలవలేదు.

1938లో ఇంకో ఉచిత కేసు. దొంగ నోట్లు కలిగి ఉన్నాడన్న నేరం మీద జాన్సన్ అనే మెరైన్ సైనికుడు అట్లాంటా ఫెడరల్ జైల్లో ఉన్నాడు. విచారణలో అతని వైపు వకీలు లేడు, పెట్టుకునే డబ్బూ లేదు. టటిల్ సుప్రీంకోర్టుకు వెళ్లి వాదించాడు. ఫెడరల్ కోర్టులో నేరారోపణ ఎదుర్కొనే ప్రతి మనిషికీ, తనంతట తాను తెలిసి వద్దనుకుంటే తప్ప, వకీలు ఉండి తీరాలని కోర్టు చెప్పింది. జాన్సన్ వర్సెస్ జెర్బ్‌స్ట్ అన్న ఆ తీర్పును అక్కడి న్యాయ విద్యార్థులు ఇప్పటికీ చదువుతారు.

యుద్ధం వచ్చినప్పుడు ఆయనకు నలభై దాటి చాలాకాలమైంది. ఆ వయసు వకీళ్లను ఆఫీసు పనుల్లో పెట్టేవారు. ఆయన అడిగి మరీ ఫిరంగి దళంతో పసిఫిక్‌కు వెళ్లాడు. గ్వామ్, లేతే, ఆ తర్వాత ఒకినావా పక్కనున్న ఈ షిమా దీవి. అక్కడ 1945 ఏప్రిల్‌లో, నలభై ఏడేళ్ల వయసులో, శత్రువుతో ముఖాముఖి పోరులో గాయపడ్డాడు.

తిరిగొచ్చాక రాజకీయం. దక్షిణాదిలో ఆ రోజుల్లో అధికారమంతా డెమోక్రాట్లది, వర్ణవివక్షకు కాపలాదారులూ వాళ్లే. రిపబ్లికన్ పార్టీ నామమాత్రం. టటిల్ ఆ నామమాత్రపు పార్టీలో చేరి, 1952లో ఐసెన్‌హోవర్‌కు అధ్యక్ష అభ్యర్థిత్వం దక్కేలా జార్జియా ప్రతినిధుల్ని కూడగట్టాడు. ఐసెన్‌హోవర్ గెలిచాక ట్రెజరీ శాఖలో ముఖ్య న్యాయాధికారిగా పనిచేశాడు. 1954 ఆగస్టులో అప్పీళ్ల కోర్టు జడ్జి అయ్యాడు. బడుల తీర్పు వచ్చి మూడు నెలలు కూడా కాలేదు.

ఇక 1961 జనవరి. హామిల్టన్ హోమ్స్, షార్లేన్ హంటర్ అట్లాంటాలోని టర్నర్ హైస్కూల్లో చదువుకున్న నల్లజాతి విద్యార్థులు. హోమ్స్ తన తరగతిలో అందరికంటే పైన నిలిచినవాడు, డాక్టరు కావాలనుకున్నాడు. హంటర్‌కు జర్నలిజం కావాలి, ఆ కోర్సు రాష్ట్రంలో ఏథెన్స్‌లోని జార్జియా విశ్వవిద్యాలయంలో ఉంది. 1959లో ఇద్దరూ దరఖాస్తు పెట్టారు. జాగా లేదన్నారు. మళ్లీ పెట్టారు. హాస్టలు నిండిందన్నారు. ఈలోగా హోమ్స్ అట్లాంటాలోని మోర్‌హౌస్ కళాశాలలో, హంటర్ ఎక్కడో ఉత్తరాన డెట్రాయిట్‌లో చదువు మొదలుపెట్టారు. చివరికి కేసు వేశారు. వాళ్ల తరఫున అట్లాంటా నుంచి డొనాల్డ్ హాలొవెల్, న్యూయార్క్ నుంచి కాన్‌స్టన్స్ బేకర్ మాట్లీ వాదించారు. మాట్లీ సంగతి ఇంకో భాగంలో విడిగా రాయాలి, అంత పెద్ద మనిషి. అప్పుడే న్యాయశాస్త్రం పూర్తిచేసిన వర్నన్ జోర్డన్ అనే కుర్రాడు వాళ్లకు సహాయకుడు. విశ్వవిద్యాలయం వాళ్లు అప్పగించిన ఫైళ్ల గుట్టల్లో కూర్చుని అతను ఒక్కొక్క కాగితమే తిరగేశాడు. సరిగ్గా హంటర్‌లాగే వేరే కళాశాల నుంచి మారతానన్న ఒక తెల్ల అమ్మాయి ఫైలు దొరికింది. ఆమెకు జాగా ఉంది, ఈమెకు లేదు. కేసు మొత్తం ఆ ఒక్క ఫైలులో ఉంది.

జిల్లా జడ్జి విలియం బూటిల్ నిజాయితీపరుడు. జనవరి 6 శుక్రవారం, రంగు తప్ప ఇంకే కారణమూ లేకుండా ఈ ఇద్దరినీ ఆపారని రాసి, వెంటనే చేర్చుకోమని ఉత్తర్వు ఇచ్చాడు. సోమవారం 9న ఇద్దరూ ఏథెన్స్‌లో పేర్లు నమోదు చేయించుకుంటున్నారు. ఆ ఉదయమే రాష్ట్ర ప్రభుత్వ వకీళ్లు బూటిల్ ముందు నిలబడి అప్పీలుకు వెళతాం, అందాకా స్టే ఇవ్వండి అన్నారు. బూటిల్ ఇచ్చాడు.

ఇక్కడ ఆ జడ్జిని నిందించడం తేలిక, కానీ అన్యాయం. ఓడినవాడు పైకోర్టుకు వెళతానంటే కాస్త సమయం ఇవ్వడం ఏ దేశంలోనైనా న్యాయస్థానాల మర్యాద. పైకోర్టు తీర్పు తిరగరాస్తే జరిగిపోయినదాన్ని వెనక్కి తీసుకోలేం కదా అన్నది దాని వెనకున్న ఆలోచన. దురుద్దేశం అక్కర్లేదు, అలవాటు చాలు. దక్షిణాదిలో హక్కుల గొంతు నులిమింది చాలాసార్లు ఇలాంటి అలవాట్లే. ఏథెన్స్‌లో నమోదు జరుగుతుండగానే స్టే కబురు చేరింది. బయట పోగైన తెల్ల విద్యార్థులు కేరింతలు కొట్టారు.

హాలొవెల్, మాట్లీ వెంటనే టటిల్ ఆఫీసును పట్టుకున్నారు. ఎప్పుడో వారం తర్వాతి తేదీ ఇవ్వలేదు ఆయన. ఆ మధ్యాహ్నమే వింటానన్నాడు. ప్రధాన న్యాయమూర్తి కుర్చీలోకి వచ్చి నెలా పదిరోజులు కూడా నిండలేదు. రెండు గంటలు దాటాక అట్లాంటాలోని పాత పోస్టాఫీసు భవనంలో విచారణ మొదలైంది. అప్పీళ్ల కోర్టులో ముగ్గురు జడ్జీలు కూర్చోవడం రివాజు. ఇక్కడ ఒక్కడే ఉన్నాడు. రాష్ట్రం వైపు వాదన పాతదే: తొందరేముంది, అప్పీలు తేలనివ్వండి. ఈ పిల్లలు ఇప్పటికే ఏడాదిన్నర పోగొట్టుకున్నారు, ఇప్పుడు ఆగితే ఈ టర్మ్ కూడా పోతుంది, పోయిన టర్మ్‌ను అప్పీళ్ల కోర్టు తర్వాత తెచ్చి ఇవ్వలేదు అన్నది టటిల్ తర్కం. వాళ్లను చేర్చుకోవడం వల్ల విశ్వవిద్యాలయానికి వచ్చే నష్టం ఏమిటో రాష్ట్రం చూపలేకపోయింది. స్టే అక్కడికక్కడే రద్దయింది.

రాష్ట్రం వాషింగ్టన్‌కు పరుగెత్తింది. సుప్రీంకోర్టు మర్నాడే కాదు పొమ్మంది. జనవరి 11న ఇద్దరూ తరగతులకు వెళ్లారు. ఆ రాత్రి హంటర్ హాస్టలు ముందు గుంపు చేరింది, ఇటుకలు, రాళ్లు కిటికీల్లోంచి గదిలోకి వచ్చి పడ్డాయి. వాళ్ల రక్షణ కోసమే అంటూ విశ్వవిద్యాలయం ఆ ఇద్దరినే సస్పెండ్ చేసి పోలీసు కారులో అట్లాంటాకు పంపేసింది. రాళ్లు వేసినవాళ్లు ఊళ్లోనే ఉన్నారు. ఈసారి బూటిల్ తాత్సారం చేయలేదు, తిరిగి చేర్చుకోమన్నాడు. తెల్లా నల్లా కలిసి చదివే సంస్థకు ప్రభుత్వ నిధులు ఆపాలన్న రాష్ట్ర చట్టాన్నీ అడ్డుకున్నాడు. గవర్నర్ వాండివర్ ఆ నెలాఖరుకల్లా శాసనసభకు వెళ్లి ఆ చట్టాలను తానే రద్దు చేయించుకోవాల్సి వచ్చింది. హోమ్స్, హంటర్ ఇద్దరూ 1963లో పట్టాలు అందుకున్నారు. హోమ్స్ ఎముకల శస్త్రవైద్యుడయ్యాడు. షార్లేన్ హంటర్-గాల్ట్ అమెరికా టెలివిజన్‌లో పేరున్న విలేకరి అయింది. ఆ సోమవారం మధ్యాహ్నం స్టే నిలిచి ఉంటే ఈ రెండు వాక్యాలు ఇలా రాసేవాళ్లం కాదు.

ఓట్ల విషయంలో టటిల్ కోర్టు ఇంకో అడుగు వేసింది. మిసిసిపిలోని ఫారెస్ట్ కౌంటీలో ఓటు వయసున్న నల్లవారు ఏడు వేలకు పైనే. ఓటరు జాబితాలో ఉన్నది పదీ పన్నెండు మంది. థెరాన్ లిండ్ అనే రిజిస్ట్రార్ రాష్ట్ర రాజ్యాంగంలో ఒక సెక్షన్ ఇచ్చి అర్థం చెప్పమనేవాడు. డిగ్రీలున్న నల్లజాతి ఉపాధ్యాయులు తప్పేవారు, తెల్లవారు దాటిపోయేవారు. కేంద్ర న్యాయశాఖ కేసు వేస్తే జిల్లా జడ్జి హెరాల్డ్ కాక్స్ దాన్ని సాగదీస్తూ పోయాడు. ఉత్తర్వు ఇవ్వలేదు, నిరాకరించనూ లేదు. నిరాకరిస్తే కదా అప్పీలు! 1962 ఏప్రిల్‌లో అప్పీళ్ల కోర్టు, ఉత్తర్వు ఇవ్వకుండా కూర్చోవడం కూడా నిరాకరణ కిందే లెక్క అని, అప్పీలు పూర్తిగా తేలకముందే తానే లిండ్‌పై ఇంజంక్షన్ జారీ చేసింది. తీర్పు రాసింది టటిల్. స్టే అనే ఆయుధాన్ని ఆయన తిరగేసి పట్టుకున్నాడు. అప్పీలు నడిచే కాలంలో అన్యాయం కొనసాగాలనే రివాజు స్థానంలో హక్కు కొనసాగాలనే రివాజు పెట్టాడు. లిండ్ మొండికేస్తే అప్పీళ్ల కోర్టు జడ్జీలే హాటీస్‌బర్గ్‌కు వచ్చి ధిక్కార విచారణ జరిపారు. దక్షిణాదిలో తర్వాతి ఓటు హక్కు కేసులకు ఇది దారి అయింది. నా దృష్టిలో టటిల్ జీవితంలో అన్నిటికంటే బరువైన పని ఇదే. ఫొటోలకు ఎక్కని పని కాబట్టి జనానికి తెలియదు.

1963 మే నెలలో వర్ణవివక్ష మీద ఊరేగింపులు జరిగిన అలబామాలోని బర్మింగ్‌హామ్ బొమ్మలు మాత్రం లోకమంతా చూసింది. అగ్నిమాపక గొట్టాల నీటి దెబ్బకు గోడకు అతుక్కున్న పిల్లలు, పోలీసు కుక్కలు. 10వ తేదీన ఉద్యమకారులకూ ఊరి పెద్దలకూ రాజీ కుదిరింది. 20న విద్యామండలి, ఊరేగింపుల్లో అరెస్టయిన 1,081 మంది నల్లజాతి విద్యార్థులను బడి నుంచి తొలగించింది. కొన్ని రోజుల్లో సెలవులు. ఆఖరి తరగతి పిల్లలకు పట్టాలు పోతాయి. నల్లవారి నాయకుల్లో కొందరు బడులన్నీ బహిష్కరిద్దామన్నారు. అది జరిగితే కుదిరిన రాజీ కూలిపోతుంది. మార్టిన్ లూథర్ కింగ్ కోర్టుకు వెళదామన్నాడు. కాల్విన్ వుడ్స్ అనే పాస్టరు కూతురి పేర పిటిషన్ వేశారు. 22న జిల్లా జడ్జి క్లారెన్స్ ఆల్‌గుడ్ జోక్యం చేసుకోనన్నాడు. మాట్లీ అట్లాంటాకు విమానం ఎక్కింది.

చట్టం ప్రకారం ఇక్కడ చిక్కు ఉంది. తాత్కాలిక ఉత్తర్వు ఇవ్వను అన్నదానిపై మామూలుగా అప్పీలు ఉండదు. టటిల్ 1789 నాటి చట్టం నుంచి వస్తున్న ఒక పాత అధికారాన్ని పట్టుకున్నాడు. తమ పరిధిని కాపాడుకోవడానికి అవసరమైన ఉత్తర్వులు కోర్టులు జారీ చేయవచ్చని దాని సారం. పిల్లలు బడి మానేస్తున్నారని ఊళ్లు తల్లడిల్లే కాలంలో ఒక విద్యామండలి తనే వేయిమందిని బడి మాన్పిస్తుందా అన్నది ఆయనకు మింగుడుపడని సంగతి. ఆ సాయంత్రమే విని, ఆ సాయంత్రమే ఉత్తర్వు ఇచ్చాడు. జిల్లా కోర్టు కాదన్న రోజే అప్పీళ్ల కోర్టు ఔనంది. మర్నాడు పిల్లలు పుస్తకాలు పట్టుకుని బడికి వెళ్లారు.

ఇలా చేసినవాడికి శత్రువులు పెరగరా? బయటివాళ్ల తిట్లు సరే. కోర్టు లోపలే మిసిసిపి జడ్జి బెన్ కామెరాన్ ఉన్నాడు. టటిల్, లూసియానా నుంచి జాన్ మైనర్ విజ్‌డమ్, టెక్సస్ నుంచి జాన్ బ్రౌన్, అలబామా నుంచి రిచర్డ్ రైవ్స్ – ఈ నలుగురినీ కలిపి ‘ఆ నలుగురు’ అని 1963లో ఒక అసమ్మతి తీర్పులో రాశాడు. జాతి కేసులు వచ్చినప్పుడు ధర్మాసనాలు వీళ్లతోనే నిండేలా కూర్పు జరుగుతోందన్నది ఆరోపణ. దీన్ని తేలిగ్గా తీసేయకూడదు. ఏ కేసు ఏ జడ్జికి వెళుతుందన్నది మన దగ్గరా పెద్ద వివాదమే, న్యాయస్థానంపై నమ్మకానికి మూలం అదే. ఒక్క జడ్జి మధ్యాహ్నానికి మధ్యాహ్నం ఉత్తర్వు ఇవ్వడంలోనూ ప్రమాదం ఉంది, రేపు ఆ కుర్చీలో ఇంకో మనిషి కూర్చోవచ్చు. అయినా నా లెక్కలో తక్కెడ టటిల్ వైపే మొగ్గుతుంది. ఆయన వేగం పెంచింది సుప్రీంకోర్టు అప్పటికే తేల్చేసిన హక్కు విషయంలో. కొత్త హక్కు కనిపెట్టి ఎవరి నెత్తినా రుద్దలేదు.

నియోజకవర్గాల కేసుల్లో ఆయన ఒంటరిగా నిలిచిన సందర్భమూ ఉంది. అట్లాంటా ఉన్న నియోజకవర్గంలో 8,23,680 మంది జనం, అదే రాష్ట్రంలో ఇంకోదాంట్లో 2,72,154 మంది, రెండింటికీ ఒక్కో కాంగ్రెస్ సభ్యుడు. ఇందులో కోర్టుకు పనిలేదని తోటి జడ్జీలన్నారు. టటిల్ విభేదించాడు. 1964లో సుప్రీంకోర్టు ఆయన వైపు వచ్చింది. సభకు ఎన్నికైన జూలియన్ బాండ్‌ను, వియత్నాం యుద్ధాన్ని వ్యతిరేకించాడని జార్జియా సభ ప్రమాణం చేయనివ్వకపోతే, అక్కడా టటిల్‌ది అసమ్మతి తీర్పే. 1966 డిసెంబరులో సుప్రీంకోర్టు బాండ్‌ను సభలోకి పంపింది.

1967లో ప్రధాన న్యాయమూర్తి పదవి దిగాడు, మరుసటి ఏడాది సీనియర్ జడ్జి హోదాకు మారాడు. కానీ కేసులు వినడం మానలేదు. 1981లో ఐదో సర్క్యూట్‌ను రెండుగా చీల్చి జార్జియా, ఫ్లోరిడా, అలబామాలకు పదకొండో సర్క్యూట్ ఏర్పరిచినప్పుడు అందులోనూ పనిచేశాడు. ఆ ఏడాదే దేశాధ్యక్షుడి స్వేచ్ఛా పతకం వచ్చింది. అట్లాంటా పాత పోస్టాఫీసు భవనానికి 1990లో ఆయన పేరు పెట్టారు. 1996 జూన్‌లో, తొంభై ఎనిమిదేళ్ల వయసులో కన్నుమూశాడు.

ఇంత చెప్పాక ఒక సంగతి మిగిలింది. స్టే ఎత్తేయడం ఎంత వేగంగా జరగవచ్చో టటిల్ చూపించిన ఏడాదిన్నరకే, స్టేలు ఎన్నిసార్లు వేయవచ్చో కామెరాన్ చూపించాడు. 1962 జూన్‌లో జేమ్స్ మెరెడిత్ అనే నల్లజాతి విద్యార్థిని మిసిసిపి విశ్వవిద్యాలయంలో చేర్చుకోమని అప్పీళ్ల కోర్టు ధర్మాసనం చెప్పింది. ఆ ధర్మాసనంలో లేని కామెరాన్ దానిపై స్టే ఇచ్చాడు. ధర్మాసనం కొట్టేసింది. మళ్లీ ఇచ్చాడు. అలా నాలుగుసార్లు. సెప్టెంబరు 10న సుప్రీంకోర్టు జడ్జి హ్యూగో బ్లాక్ జోక్యంతో ఆ వరస ఆగింది, ఆ తర్వాత కథ కోర్టు గది దాటి ఆ విశ్వవిద్యాలయం ఉన్న ఆక్స్‌ఫర్డ్ పట్టణం వీధుల్లోకి వచ్చింది. మెరెడిత్‌ను చేర్చుకోమన్న తీర్పు రాసిన జాన్ మైనర్ విజ్‌డమ్ గురించి వచ్చే వారం.

(సశేషం)